ఎదిగిన కణంలో ఎర్ర పుల్ల

షాంఘై
1987 మార్చి 7

సోంగ్‌న్యాన్,

ఈపాటికి ఫారం చేరి, బూట్లు విప్పకుండానే కొట్టంలోకి దూరి ఉంటావు. ఈనే ఆవులు నా కోసం ఆగుతాయా అంటూ నువ్వు స్టేషన్లో తొందరపడుతుంటే నాకు ఒళ్ళు మండింది. కానీ రెండు వందల ఆవులకి నువ్వొక్కడివే డాక్టరువి కదా అని నోరు మూసుకున్నాను. గ్విజెన్‌ని ఏడవొద్దని చెప్పు. మీ కూతురు మైమై నా దగ్గరుంది. నేను పదిహేడో ఏట నుంచీ ఇదే ఆసుపత్రిలో ఇదే మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని.

జబ్బు రకం తేలింది. నువ్వు గొడ్ల డాక్టరువైనా డాక్టరువే గనక దాచకుండా రాస్తున్నాను. రక్త కేన్సరే. ఎముక మూలుగలో తెల్ల కణాలు పిల్లలుగా పుట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి, పెద్దవై రక్తంలోకొచ్చి పనిలో పడతాయి కదా. మైమై కణాలు మధ్య మెట్టు మీద ఆగిపోయాయి. ఎదగవు, చావవు, అక్కడే గుంపులు కడుతున్నాయి. వాటి నిండా ఎర్రటి రవ్వలు. ఆ కణాలు పగిలినప్పుడల్లా ఆ రవ్వలు రక్తంలో కలిసి, గడ్డకట్టే గుణాన్ని పాడు చేస్తున్నాయి. పిల్ల చిగుళ్ళలోంచి రక్తం ఆగకపోవడానికి కారణం అదే.

మామూలు పద్ధతి గట్టి మందులతో ఆ కణాల్ని చంపడం. ఈ రకంలో అదే ప్రమాదం. అన్నీ ఒకేసారి పగిలితే రక్తస్రావాన్ని ఎవరూ ఆపలేరు. మూడేళ్ళలో ఈ రకం జబ్బుతో పదకొండు మంది మా దగ్గరికొచ్చారు, ఏడుగురు మందు మొదలైన పది రోజుల్లోనే పోయారు. వాళ్ళ రక్తం పూసిన గాజు పలకలన్నీ చూసింది నేనే కాబట్టి అంకెలో తేడా ఉండదు.

డాక్టర్ శ్వే ఇంకో దారి చెప్పింది. ఆవిడ నవ్వగా మా వార్డులో ఎవరూ చూడలేదు, కానీ ఆవిడ తప్పు చెప్పగా కూడా చూడలేదు. ఒక కొత్త మాత్ర ఉంది, రోజూ మింగించాలి. విటమిన్ ఏ కుటుంబంలోదే, దానికి చెల్లెలి వరస అనుకో. అది కణాల్ని చంపదు. ఆగిపోయిన మెట్టు మీంచి పైకి ఎక్కిస్తుంది. మావాళ్ళు దీన్ని చెడ్డవాళ్ళని చంపకుండా సంస్కరించడం అంటున్నారు.

రైలెక్కే ముందు నువ్వు సంతకం బదులు వేసే నీ రాతి ముద్ర నా చేతిలో పెట్టి, "ఏ కాగితం మీద వెయ్యమంటే దాని మీద వెయ్యి, నన్నడగడానికి ఎనిమిది రోజులు పడుతుంది" అన్నావు. నిన్న పొద్దున ఆ కాగితం మీద వేశాను. మైమై మొదటి మాత్ర మింగింది. దానికి మాత్రం రక్తం తక్కువైందనే చెప్పాం, నువ్వు చెప్పమన్నట్టే.

అమ్మ బాగానే ఉంది. కింది వంటింట్లో పక్కింటావిడతో పొయ్యి గురించి రోజూ ఒక పూట యుద్ధం చేస్తోంది.

అక్క యున్‌హ్వా

*

హైలోంగ్‌జ్యాంగ్, పాడి ఫారం
1987 మార్చి 16

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గ్విజెన్ రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి నేనే చదవనన్నాను.

విటమిన్ ఏనా? మా కొట్టంలో షెల్ఫు నిండా అదే ఉంది. సీసా మీద ఆవు బొమ్మ ఉంటుంది. రేచీకటి వచ్చిన దూడలకి చేపనూనె గొట్టంతో గొంతులో పోస్తాను. ఇరవై ఏళ్ళ చదువు, అంత పెద్ద ఆసుపత్రి, చివరికి నా కూతురికి దూడల మందా? నువ్వు నన్ను ఓదార్చడానికి రాస్తున్నావేమో అనిపిస్తోంది. దానికింక చెయ్యడానికేమీ లేక, మింగడానికి ఏదో ఒకటిచ్చి కూర్చోబెట్టారా? అదే అయితే సూటిగా రాయి. నేను కొట్టంలో ఎన్నో చావులు చూసినవాణ్ణి, నిజం విని పడిపోను.

ఇంకో మాట. ఆ సంస్కరించడం అనే మాట నాకు మళ్ళీ రాయకు. నాన్నని కూలి శిబిరానికి తీసుకెళ్ళినప్పుడు నాకు ఐదేళ్ళు, నీకు ఏడు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు అమ్మతో అన్నమాట నాకింకా వినబడుతుంది, "భయపడకండి, చంపడానికి కాదు, సంస్కరించడానికే" అన్నారు. మూడేళ్ళకి ఆయన బదులు ఒక గుడ్డమూట వచ్చింది. అందుకని మా అమ్మాయి రక్తంలో ఎవరు ఎవర్ని సంస్కరిస్తున్నారో నాకు చెప్పకు. చంపే మందుంటే చంపమను. ఆవుకి గడ్డ లేస్తే నేను కోసి పారేస్తాను, దానికి పాఠాలు చెప్పను.

ఈ వారం ముప్పై ఒక్క దూడలు పుట్టాయి. రెండు పోయాయి. మంచు కరుగుతోంది, దారంతా బురదై ట్రాక్టరు కూడా దిగబడుతోంది. మైమైకి ఇష్టమని గ్విజెన్ గడ్డకట్టిన పియర్ పళ్ళు దాచింది. అవి షాంఘై చేరేలోపు నీళ్ళవుతాయని చెప్పినా వినడం లేదు.

తమ్ముడు

*

షాంఘై
1987 మార్చి 20

సోంగ్‌న్యాన్,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను, మంచి కబురు ఎనిమిది రోజులు జేబులో పెట్టుకోవడం నా వల్ల కాదు.

చిగుళ్ళ రక్తం ఆగింది. ఎనిమిదో రోజే ఆగింది. తొమ్మిదో రోజు పొద్దున మైమై తువ్వాలు తెచ్చి నా ముక్కు ముందు ఆడించి, "చూడత్తా, ఒక్క చుక్క లేదు, నువ్వింక దీన్ని ఉతకక్కర్లేదు" అంది. తొడ మీది నీలి మచ్చలు పసుపు రంగుకి తిరిగాయి. పెదాలు మాత్రం ఎండి పగులుతున్నాయి, అది మందు గుణమే. నేను వెన్న రాస్తే నాకుతోంది.

తెల్ల కణాలు రెండువేల ఎనిమిది వందలతో వచ్చింది కదా. మొన్న పందొమ్మిది వేలు. నువ్వు కంగారు పడతావని తెలిసే రాస్తున్నాను. డాక్టర్ శ్వే ఇలా పెరుగుతాయని ముందే చెప్పింది. మూలుగలో ఇరుక్కున్నవి మెట్లెక్కి రక్తంలోకి వస్తున్నాయి, గేటు తీస్తే గుంపు రోడ్డు మీద పడ్డట్టు. లోపల గుంపు తగ్గాక బయటా తగ్గుతుంది.

దాని పలకలు నన్ను చూడనివ్వరు, సొంతవాళ్ళవి చూడకూడదని మా గదిలో నియమం. నా పక్క బల్ల మీది అమ్మాయి చూస్తుంది. మధ్యాహ్నం అందరూ నూడుల్స్ తినడానికెళ్ళగానే నేను వెళ్ళి చూస్తాను. ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే అందరూ మెల్లగా తింటారు.

మైమై నిన్న అంది: "అత్తా, నువ్వు నా మొహం కంటే నా రక్తమే ఎక్కువ చూస్తావు." ఎవరి పోలికో ఆ నోరు.

అక్క

*

షాంఘై
1987 మార్చి 25

తమ్ముడూ,

నీ పదహారో తారీకు ఉత్తరం అందింది. ఒక రాత్రి గడవనిచ్చి రాస్తున్నాను, లేకపోతే వేరేలా రాసేదాన్ని.

మొదటిది, ఓదార్పు. నేను నిన్ను ఎప్పుడైనా ఓదార్చానా? చిన్నప్పుడు మెట్ల మీంచి పడి నీ పన్ను ఊడితే "ఇంకా ఇరవై ఉన్నాయి" అన్నదాన్ని. చెయ్యడానికేమీ లేకపోతే ఏమీ లేదనే రాస్తాను.

రెండోది, దూడల మందు. తోబుట్టువులైనంత మాత్రాన ఒకటే కాదు. నువ్వూ నేనూ తోబుట్టువులమే, నిన్ను తీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చోబెడితే నాలుగు పలకలు పగలగొట్టి వెళ్తావు. చేపనూనెతో ఈ పని జరగదు, ఈ మాత్రతో చేపనూనె పని జరగదు.

మూడోది, నాన్న. ఆ మాట రాసింది నేనే, తప్పు నాదే. ఆసుపత్రిలో అందరూ అంటుంటే అలవాటుగా రాసేశాను. నాకు కూడా ఆ గుమ్మం గుర్తే. అందుకే ఇంకోలా చెప్తాను. ఈ మందు దేన్నీ కొట్టదు, వంచదు. ఆ కణాలకి ఎదిగే తెలివి పుట్టుకతోనే ఉంది. ఏదో గొళ్ళెం అడ్డం పడింది. మందు వెళ్ళి గొళ్ళెం తీస్తుంది, అంతే. ఆ తరవాత నడవడం వాటి పనే. నాన్నకి జరిగిందీ ఇదీ ఒకటి కాదు.

ఇప్పుడు చెడు కబురు. రెండు రోజులుగా మైమైకి తలనొప్పి. నిన్న మూడుసార్లు కక్కింది. కిటికీ వెలుగు చూడలేక తువ్వాలు కళ్ళ మీద వేసుకుని పడుకుంటోంది. జబ్బు మెదడుకి పాకిందేమోనని డాక్టర్ శ్వే అనుమానం. కళ్ళ డాక్టరు చూసి, కంటి వెనక నరం దగ్గర వాపుందన్నాడు. రేపు వెన్నులోంచి నీరు తీసి చూస్తారు. మాత్ర ఆపి ఉంచారు. దాచనని మాటిచ్చాను గనక రాస్తున్నాను.

అక్క

*

టెలిగ్రాం
1987 మార్చి 28

కణాలు పందొమ్మిది వేలు. మందు ఆపు. ముద్ర వాడకు. సోంగ్‌న్యాన్

*

హైలోంగ్‌జ్యాంగ్, పాడి ఫారం
1987 మార్చి 28

అక్కా,

టెలిగ్రాం పొద్దున కొట్టాను, నీకు ఈపాటికి అంది ఉంటుంది. అందులో చోటు చాలలేదు, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల ఎనిమిది వందలు కాస్తా పదిహేను రోజుల్లో పందొమ్మిది వేలైతే, నువ్వు దాన్ని మంచి కబురు అంటున్నావు. రక్త కేన్సరున్న పిల్లకి తెల్ల కణాలు ఏడింతలైతే మా ఫారంలో దాణా కలిపేవాడు కూడా జబ్బు ముదిరిందనే అంటాడు. గేటు, గుంపు, మెట్లు. నీకు కథలు బాగా వచ్చాయి. మందు దాన్ని ఎదిగించడం లేదక్కా, మేపుతోంది.

నేను వచ్చి తీసుకెళ్తాను. దారులు ఆరగానే బయల్దేరతాను. ఇంకో రెండు వారాలు పట్టొచ్చు. ఇక్కడ కనీసం వాళ్ళమ్మ దగ్గర, దాని చెల్లెలి దగ్గర ఉంటుంది.

రాయకూడదనుకుంటూనే ఒకటి రాస్తున్నాను. అరవై తొమ్మిదిలో వీధి కమిటీ వాళ్ళు ఇంట్లోంచి ఒకరు పల్లెకి వెళ్ళాలన్నప్పుడు వాళ్ళ కాగితం మీద ఉన్నది నీ పేరు. నేను వెళ్తానన్నాను, వెళ్ళాను. దాని గురించి ఈ పద్దెనిమిదేళ్ళలో నిన్నొక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. కానీ అప్పుడు నీ బదులు నేను నిర్ణయించుకున్నాను. ఇప్పుడు నా బదులు నువ్వు నిర్ణయించకు. నా ముద్ర నాకు కావాలి.

సోంగ్‌న్యాన్

*

షాంఘై
1987 ఏప్రిల్ 1

సోంగ్‌న్యాన్,

నీ టెలిగ్రాం అందింది. నీ ఉత్తరం ఇంకా రాలేదు, అందులో ఏముంటుందో ఊహించగలను. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఉత్తరం కోసమే చూస్తున్నాను కాబట్టి వచ్చాక తీరిగ్గా చదువుతాను. ముందు ఇది చదువు, నిలబడి కాదు, కూర్చుని.

వెన్ను నీరు శుభ్రంగా ఉంది. మెదడులో జబ్బు లేదు. మరి తలనొప్పి ఎక్కణ్ణుంచి? డాక్టర్ శ్వే నన్నూ అమ్మనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పిల్ల ఏమేం తింటోందో పూటపూటకీ చెప్పమంది. అమ్మ అన్నం అంది, గంజి అంది, చేప పులుసు అంది. రోజు మార్చి రోజు పంది కాలేయం సూపు అంది. శ్వే పెన్ను కింద పెట్టింది. "ఇంకా?" అంది. అమ్మ నా వంక చూసి, చాపసంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది.

సీసా మీద ఆవు బొమ్మ ఉంది.

"అబ్బాయి పంపాడు," అంది అమ్మ. "వాళ్ళ ఫారం నుంచి యంత్రాల భాగాల కోసం వచ్చినతను ఇచ్చి వెళ్ళాడు. 'అక్కకి చెప్పకు, ఆసుపత్రి వాళ్ళు కొంచెం కొంచెం ఇస్తున్నారు, అసలు మందు ఇదే అయితే ఎక్కువే పట్టించు, పూటకో చెంచా' అని రాశాడు. తండ్రి పంపిన మందు నానమ్మ పట్టకపోతే ఎవరు పడతారు?"

శ్వే సీసా తిప్పి చూసింది. తరవాత మెల్లగా, మేం తోబుట్టువుల్లో ఒకదాన్ని సరిపడా ఇస్తుంటే మీరు రెండోదాన్ని చెంచాలతో పోస్తున్నారని అంది. రెండూ కలిసి తలలో ఒత్తిడి పెంచాయి. దూడ తట్టుకున్నంత మందు పిల్ల తల తట్టుకోదు తమ్ముడూ.

నీ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధం. సీసా ఇంటికి తీసుకెళ్ళి కింది కాలువలో ఒంపాను, పక్కింటావిడ ఆ వాసనకి ఇంకా తిడుతోంది. కానీ ఆ నూనె నువ్వు ఎందుకు పంపావో తెలుసు. నువ్వొక ఆశని నమ్మలేక తిట్టిపోస్తూనే అదే ఆశని సీసాలో పోసి పంపావు. తప్పు ముందు నాదే. చెల్లెలి వరస అని నేను రాయకపోతే నువ్వు ఆ షెల్ఫు వైపు చూసేవాడివే కాదు.

నూనె ఆపిన నాలుగు రోజులకి తలనొప్పి సగమైంది. నిన్న కక్కలేదు. ఈ పొద్దున గంజిలోకి ఊరగాయ అడిగింది. రేపటి నుంచి మాత్ర మళ్ళీ మొదలు, తక్కువ మోతాదులో.

ఇక నీ టెలిగ్రాం. అది నా కోటు జేబులో ఉంది. శ్వేకి చూపిస్తే తండ్రి వద్దన్నాడని ఆవిడ మందు మొదలుపెట్టదు. చూపించలేదు. నేనలా చేశానని నీకు తెలియాలి. కానీ నీ పేరుతో ఇంకొక్క కాగితం మీద కూడా ముద్ర వేయను. ఈ పొట్లంలో నీ ముద్ర ఉంది, దూదిలో చుట్టాను. దాంతోపాటు అగ్గిపెట్టెలో రెండు గాజు పలకలు. రంగు వేసి, తేదీ రాసి ఉన్నాయి. ఒకటి మార్చి ఐదుది, మాత్రకి ముందు రోజు. రెండోది నిన్నటిది, కణాలు ముప్పై నాలుగు వేలు ఉన్నప్పటిది. అంకె చూసి అదిరిపడతావని తెలిసే రాశాను.

పశువుల రక్తంలో పురుగులు చూసే మైక్రోస్కోపు నీ దగ్గరుంది కదా, నూనె వేసి చూసే పెద్ద కటకం పెట్టు. మొదటి పలక ముందు చూడు. తరవాత రెండోది, కనీసం ఐదు వందల కణాలు. అందులో ఒకటి వెతకాలి. ఏమిటో చెప్పను. చెబితే నేను చెప్పబట్టే కనబడిందంటావు.

చూశాక కూడా వద్దనిపిస్తే, నాకు కాదు, డాక్టర్ శ్వే పేర నేరుగా టెలిగ్రాం కొట్టు. ఆవిడ ఆపేస్తుంది. నేను అడ్డు రాను. నీ కూతురు, నీ ముద్ర. చూడకుండా మాత్రం ఆపకు.

యున్‌హ్వా

*

హైలోంగ్‌జ్యాంగ్, పాడి ఫారం
1987 ఏప్రిల్ 11

అక్కా,

పొట్లం తొమ్మిదిన వచ్చింది. మొదటి పలక దారిలో రెండు ముక్కలైంది. రెండోది బాగానే ఉంది.

సీసా గురించి ముందు రాస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. నీ ఉత్తరం చదివాక షెల్ఫు ముందు నిలబడి, ఇన్నేళ్ళుగా దూడలకి పోస్తున్న ఆ సీసాల వైపు చూస్తుండిపోయాను. గ్విజెన్‌కి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. "నేనైతే రెండు సీసాలు పంపేదాన్ని" అని ఏడ్చింది. అమ్మని ఏమీ అనకు, ఆమె తప్పేమీ లేదు. నేనే దొంగచాటుగా రాశాను.

కరెంటు లేదు. మైక్రోస్కోపుని కిటికీ దగ్గర పెట్టి, అద్దం తిప్పి, ఎండ పట్టుకుని చూశాను. పగిలిన ముక్కలో మొదట చూశాను. అంతా ఒకే రకం. ముద్దగా, లోపల ఎర్రటి రవ్వలు కిక్కిరిసి, కొన్నింటిలో కట్టెల మోపులా ఎర్ర పుల్లలు. ఇన్నేళ్ళలో ఏ జంతువులోనూ అలాంటివి చూడలేదు. నా కూతురి ఒంట్లో ఉన్నది ఇదా అని కాసేపు లేచి బయటికెళ్ళాను.

తిరిగొచ్చి రెండోది పెట్టాను. పెట్టగానే నిన్ను తిట్టాను అక్కా, నిజం చెప్తున్నాను. నడుం సన్నబడి రెండు మూడు తమ్మెలుగా విడిపోయిన కేంద్రకాలతో, లక్షణంగా ఎదిగిన కణాలు. అక్కడక్కడా కొన్ని పిల్ల కణాలు. ఇది నీ రక్తమే అనుకున్నాను. సూది పెట్టి నీ వేలే పొడుచుకుని, నా నోరు మూయించడానికి పంపావనుకున్నాను. నువ్వు చెయ్యగలవు.

కానీ ఐదు వందలు చూడమన్నావు. నేను మొండివాణ్ణి కాబట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు వందల పన్నెండోది ఎదిగిన కణం, మూడు తమ్మెలున్న కేంద్రకం. దాని పక్కన, కడుపులో, ఒకటే ఎర్ర పుల్ల.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. పుల్ల అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆ పుల్ల ఉండదు, నీ రక్తంలో ఉండదు, నా రక్తంలో ఉండదు. మొదటి పలకలో ఆ ముద్ద కణాల్లో ఉన్న పుల్లే ఇది. అంటే కొత్త కణాలు వచ్చి పాతవాటిని తరమలేదు. ఆ చెడ్డదే, ఆ మనిషే, ఎదిగి పెద్దదైంది. సాయంత్రం వెలుగు పోయేలోపు ఇంకో ఆరు దొరికాయి.

గ్విజెన్‌ని పిలిచి చూపించాను. చాలాసేపు ఒక కన్ను మూసుకుని చూసి, "పెళ్ళీడు వచ్చినా చేతిలో ఆడుకునే పుల్ల వదల్లేదే ఈ వెధవ" అంది. నెల రోజుల్లో నేను నవ్వడం అదే మొదటిసారి.

ముప్పై నాలుగు వేల అంకె ఇప్పుడు అర్థమైంది. అంకె చూశాను గానీ ఆ అంకెలో ఎవరున్నారో చూడలేదు. మందు మేపుతోందని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అరవై తొమ్మిది గురించి రాసినదీ వెనక్కి తీసుకోవాలని ఉంది, కానీ రాసేశాను, నువ్వు చదివేశావు. ఒకటి మాత్రం చెప్తాను. ఆ రోజు వెళ్ళింది నేను వెళ్ళాలనుకునే వెళ్ళాను. నువ్వు ఆ గాజు పలకల దగ్గర ఉండబట్టే ఇవాళ నా కూతురికి చూసే కళ్ళున్నాయి.

నాన్న సంగతి. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ గుడ్డమూటలో ఆయన చొక్కా, చెంచా, రెండు రాతి ముద్రలు ఉన్నాయి కదా. ఒకదాని మీద నీ పేరు, ఒకదాని మీద నాది. అక్కడ ఏ మేకుతో చెక్కాడో తెలీదు గానీ అక్షరాలు ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఆయన్ని మార్చామని వాళ్ళు కాగితం మీద రాసుకుని ఉంటారు. చెయ్యి మాత్రం మారలేదు. ఇన్నేళ్ళూ ఆ ముద్రని కాగితాల మీద వేస్తున్నాను గానీ దాని మొహం తిప్పి చూడలేదు. నువ్వు దూదిలో చుట్టి పంపాకే చూశాను.

శ్వేకి టెలిగ్రాం కొట్టాను, నిన్ననే. "కొనసాగించండి. తండ్రి." అందులోనూ చోటు చాలలేదు.

ముద్ర నీకే తిరిగి పంపుతున్నాను. దాంతో ఇంకోటి కూడా ఉంది. నదిలో ఏరిన రాయి, ఆవు గిట్టలు చెక్కే కత్తితో చెక్కాను. మైమై పేరు. రెండో అక్షరంలో ఒక గీత తప్పింది, నేను నాన్నని కాదు.

చివరిగా, దాని జబ్బు పేరు దానికి చెప్పు. నాన్న రేపోమాపో వస్తాడని మనకి మూడేళ్ళు చెప్పారు, నేను రోజూ వీధి మొగలో కూర్చునేవాణ్ణి. దాన్ని అలా కూర్చోబెట్టొద్దు.

సోంగ్‌న్యాన్

*

షాంఘై
1987 ఏప్రిల్ 26, ఆదివారం

తమ్ముడూ,

నీ పొట్లం అందింది. రాళ్ళు రెండూ పగలలేదు.

మొన్న మూలుగ తీసి చూశారు. ముందు నూటికి ఎనభై ఆరు ఉన్న ఆ ఆగిపోయిన కణాలు ఇప్పుడు నూటికి రెండే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ రెండు ఉంటాయి. ఈసారి నన్ను చూడనిచ్చారు. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ రెండే. రక్తంలో తెల్ల కణాలు ఐదు వేలకి దిగాయి. శ్వే నవ్వలేదు గానీ, మైమై మంచం పట్టీ మీద పేరు తప్పు రాశారని నర్సుని కోప్పడింది. ఆవిడ సంతోషంగా ఉంటే అలాగే ఉంటుంది.

దాచకుండా రాస్తున్నాను. ఇది తిరిగి రాదని ఎవరూ చెప్పడం లేదు. ఈ మాత్ర ఒక్కదాని మీదే వదిలేసిన వాళ్ళలో చాలామందికి ఏడాదిలోపు తిరిగొచ్చింది. అందుకని మే నెలలో గట్టి మందులు మొదలుపెడతారు, మూడు విడతలు. ఇప్పుడు రక్తం గడ్డకడుతోంది కాబట్టి తట్టుకుంటుంది. జుట్టు రాలుతుంది, కక్కుతుంది. తిరిగొస్తే మళ్ళీ మొదలుపెడతాం. నేను ఎక్కడికీ వెళ్ళను.

ఇవాళ ఆదివారం, గదిలో ఎవరూ లేరు. మైమైని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. స్టూలు మీద రెండు పుస్తకాలు వేసి కూర్చోబెట్టి, దాని జబ్బు పేరు చెప్పాను. ఏడుస్తుందని తువ్వాలు సిద్ధంగా పెట్టుకున్నాను.

"తెలుసు," అంది. "మంచం దగ్గర వేలాడే కాగితం మీద ఉంది. నాకు చదవడం వచ్చు కదత్తా. మీరందరూ బాధపడతారని అడగలేదు."

తువ్వాలు నాకే పనికొచ్చింది.

మార్చి నెలాఖరు పలక ఇంకోటి నా దగ్గరుంది. అందులో పుల్ల ఉన్న పెద్ద కణాన్ని మధ్యకి తెచ్చి చూపించాను. ముక్కు కటకానికి ఆనించి చాలాసేపు చూసింది. "ఇది ఇప్పుడెక్కడుంది?" అంది. పెద్దయ్యాక అవి కొన్ని రోజులే బతుకుతాయి, పని చేసి వెళ్ళిపోతాయి అన్నాను. "ఎవరూ చంపలేదా?" అంది. లేదన్నాను. "అయితే సరే," అని స్టూలు దిగింది.

మే నెల మందులకి ఒప్పుకోలు కాగితం శ్వే బల్ల మీదుంది. తండ్రి స్థానంలో నీ ముద్ర వేశాను. మైమై తన రాయి తీసి, ఎర్ర సిరాలో అద్ది, నీ ముద్ర పక్కన గట్టిగా నొక్కింది. తప్పిన గీతతో సహా పడింది. చిన్నపిల్లల ముద్ర చెల్లదని శ్వే అంది, కాగితం చేతిలోకి తీసుకుని చూసింది, మార్చి ఇంకోటి రాయమని మాత్రం అనలేదు.

రెండో విడత కాగితం కూడా తనే వేస్తానని సిరా డబ్బా తన దగ్గరే పెట్టుకుంది.

అక్క